32 ఒకట్లు: లింక్ తెగినా డ్రైవర్‌కు ఎందుకు తెలియడం లేదు

కొత్త తరం మదర్‌బోర్డులు వచ్చిన ప్రతిసారీ లైనక్స్ వాడేవాళ్ల మధ్య ఒక పాత తగాదా మళ్లీ రాజుకుంటుంది. మెషీన్ బాగానే నడుస్తూ ఉంటుంది. లాగ్ తెరిస్తే మాత్రం ఒకే వరుస వేల సార్లు కనిపిస్తుంది: పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్, టైప్ ఫిజికల్ లేయర్. పీసీఐఈ అంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్, కార్డులనూ డిస్కులనూ ప్రాసెసర్‌కు కలిపే లింక్. దాని కింద 00000001/00002000 అని రెండు అంకెలు. మొదటిది స్టేటస్ (వచ్చిన లోపాలు), రెండోది మాస్క్ (నివేదించొద్దన్న లోపాలు). స్టేటస్‌లో అట్టడుగు బిట్ వెలిగిందంటే రిసీవర్ దగ్గర సిగ్నల్ సరిగా అందలేదని అర్థం. ఇదే వరుస పేరుకుపోయి లాగ్ ఫైలు డిస్క్ పార్టిషన్‌నే నింపేస్తుంది. అప్పుడెవరో బూట్ లైన్‌లో ‘పీసీఐ=నోఏఈఆర్’ (ఈ లోపాల నివేదికను ఆపేసే ఎంపిక) పెట్టమని సలహా ఇస్తారు. పెట్టగానే లాగ్ సద్దుమణుగుతుంది. ఆ తర్వాత ఎప్పుడో అదే మెషీన్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ (పీసీఐఈకి తగిలించే ఎస్ఎస్‌డీ) ఉన్నట్టుండి మాయమైతే, ముందస్తు హెచ్చరిక కోసం ఎంత వెతికినా ఒక్క వరుస కూడా దొరకదు.

హార్డ్‌వేర్ తనంతట తానే సరిదిద్దుకున్న లోపం గురించి ఇంత గోల దేనికి అని ఒక వర్గం అంటుంది. చిన్న లోపాల లెక్క లేకపోతే పెద్ద లోపం ఎలా పసిగడతారని రెండో వర్గం అడుగుతుంది. 2025లో లైనక్స్ గుండెకాయైన కెర్నెల్ ఈ సందేశాలకు డివైస్‌వారీగా పరిమితి పెట్టి, లెక్కను మాత్రం చెక్కుచెదరకుండా ఉంచింది. సరైన పనే. కానీ తగాదాకు మూలం లాగ్‌లో లేదు. లోపం సరిదిద్దుకునే స్థాయి దాటిపోయినప్పుడు డ్రైవర్ (కార్డును నడిపే కోడ్) ఏం చేయాలన్న ప్రశ్నకు 2006లో ఇచ్చిన జవాబులో ఉంది.

పీసీఐ బస్ పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. పాత సమాంతర పీసీఐలో తీవ్రమైన లోపం వస్తే ‘సెర్’ అనే తీగ వెలిగేది. చాలా మెషీన్లలో దాని ఫలితం ఆపలేని ఇంటరప్ట్, ఆ వెంటనే మెషీన్ నిలిచిపోవడం. డ్రైవర్ రాసేవాళ్లకు అందువల్ల రెండే స్థితులు తెలుసు: కార్డు పనిచేస్తోంది, లేదా మెషీన్ మొత్తం పడిపోయింది. మెషీన్ బతికుండగా కార్డు ఒక్కటే అందకుండా పోయే మూడో స్థితి కోసం కోడ్ రాయాల్సిన అవసరం చాలామందికి రాలేదు.

ఆ మూడో స్థితిని గట్టిగా ముందుకు తెచ్చింది ఐబీఎం పవర్ సర్వర్లు. వాటిలో ఈఈహెచ్ అనే ఏర్పాటు ఉంటుంది. స్లాట్‌లో లోపం కనిపించగానే బ్రిడ్జ్ (స్లాట్లను మిగతా మెషీన్‌కు కలిపే చిప్) ఆ స్లాట్‌ను స్తంభింపజేస్తుంది. ఆపైన కార్డుకు రాసినవి చడీచప్పుడు లేకుండా పడిపోతాయి. కార్డు నుంచి చదివితే అన్ని బిట్లూ ఒకట్లుగా వస్తాయి. పాడైన డేటా మెమరీలోకి చేరదు, మిగతా మెషీన్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. స్లాట్‌ను రీసెట్ చేసి మళ్లీ తెరవచ్చు కూడా. మిగిలిందల్లా డ్రైవర్‌కు ఆ విషయం చెప్పడమే.

ఐబీఎం తరఫున లినాస్ వెప్స్టాస్ ముందుండి నడిపిన ఆ పని 2006లో లైనక్స్‌లో చేరింది. డ్రైవర్ తన నిర్మాణంలో కొన్ని కాల్‌బ్యాక్‌లు (అవసరం వచ్చినప్పుడు కెర్నెల్ పిలిచే కోడ్) ఇస్తుంది. లోపం రాగానే ‘ఎర్రర్ డిటెక్టెడ్’, రిజిస్టర్లు (కార్డుతో మాట్లాడటానికి అందులో ఉండే గళ్లు) మళ్లీ అందితే ‘ఎంఎంఐఓ ఎనేబుల్డ్’, రీసెట్ అయ్యాక ‘స్లాట్ రీసెట్’, చివర ‘రెజ్యూమ్’. ఒక్కో దశలో డ్రైవర్ తన అభిప్రాయం చెబుతుంది: కోలుకోగలను, రీసెట్ కావాలి, ఇక పనికిరాదు. అదే ఏడాది ఇంటెల్ ఇంజినీర్ల చేతి మీదుగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ లోపాల నివేదిక వ్యవస్థ ఏఈఆర్ వచ్చి ఈ కాల్‌బ్యాక్‌లనే వాడుకుంది.

అక్కడే దారి మళ్లింది. ఈ కాల్‌బ్యాక్‌లు ఐచ్ఛికం. అప్పటికే ఉన్న డ్రైవర్లన్నింటినీ ఒకేసారి మార్చడం ఎవరివల్లా కాదు కాబట్టి అలా పెట్టడం అర్థం చేసుకోదగిందే. అసలు తేడా, కాల్‌బ్యాక్ లేని డ్రైవర్‌ను ఏం చేయాలన్న చోట వచ్చింది.

పవర్ మెషీన్‌లో అలాంటి డ్రైవర్‌ను కార్డు పీకేసినట్టుగా దించేస్తారు. స్లాట్‌ను రీసెట్ చేసి, కొత్త కార్డు పెట్టినట్టుగా డ్రైవర్‌ను మళ్లీ ఎక్కిస్తారు. నెట్‌వర్క్ కార్డయితే ఇంటర్‌ఫేస్ కాసేపు పోయి తిరిగొస్తుంది. మౌంట్ అయి ఉన్న డిస్క్‌కు ఈ చికిత్స పనికిరాదు, ఫైల్‌సిస్టమ్ కింద నుంచి డిస్క్ లాగేసినట్టే అవుతుంది. ఆ ఇబ్బంది ఉన్నా, కార్డు తిరిగొచ్చే దారి ఒకటుంది. దానికి హద్దూ ఉంది: గంటలో 5 సార్లకు మించి స్తంభిస్తే ఆ కార్డును శాశ్వతంగా పక్కన పెట్టేస్తారు. రీసెట్‌ల మీద రీసెట్‌లు కొడుతూ మెషీన్‌ను తిప్పలు పెట్టరు.

ఏఈఆర్ దారిలో అలా కాదు. పోర్ట్ కింద ఉన్న ఫంక్షన్లలో (కార్డులో విడివిడిగా పనిచేసే భాగాల్లో) ఒక్కదాని డ్రైవర్‌కు ‘ఎర్రర్ డిటెక్టెడ్’ లేకపోయినా, కోలుకోలేమని కెర్నెల్ లాగ్‌లో రాసి చేతులెత్తేస్తుంది. గ్రాఫిక్స్ కార్డునే తీసుకోండి. ఒకే కార్డులో బొమ్మ కోసం ఒక ఫంక్షన్, శబ్దం కోసం ఇంకో ఫంక్షన్ ఉంటాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఎంత శ్రద్ధగా రాసినా, శబ్దం డ్రైవర్‌కు కాల్‌బ్యాక్ లేకపోతే రెండూ కలిసే మునుగుతాయి. శ్రద్ధగా రాసినవాళ్లకు దక్కాల్సిన ఫలితాన్ని రాయనివాళ్లు ఆపేసే ఏర్పాటు ఇది. అటువైపు వాదన కూడా ఉంది: రీసెట్ కొడితే పోర్ట్ కింద ఉన్నవన్నీ రీసెట్ అవుతాయి, ఆ సంగతి తెలియని డ్రైవర్ పాత స్థితిని నమ్ముకుని మెమరీని పాడుచేయవచ్చు. భయం నిజమే. దానికి మందు, ఆ డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కించడం. పవర్ వైపు అప్పటికే చేస్తున్నదదే.

కాల్‌బ్యాక్ లేకపోవడం ఒక ఎత్తు, వచ్చిన ఒకట్లను డ్రైవర్ నమ్మేయడం ఇంకో ఎత్తు. లింక్ తెగాక రిజిస్టర్ చదివితే జవాబు రాదు. గడువు దాటాక రూట్ కాంప్లెక్స్ (ప్రాసెసర్ వైపు పీసీఐఈ మొదలయ్యే చోటు) తనే 32 బిట్లూ ఒకట్లుగా నింపి ప్రాసెసర్‌కు ఇస్తుంది. స్పెసిఫికేషన్ ప్రకారం ఆ గడువు మామూలుగా 50 మైక్రోసెకన్ల నుంచి 50 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. కొన్ని ఆర్మ్ చిప్‌లలో ఒకట్లు కూడా రావు, నేరుగా ఎక్సెప్షన్ వచ్చి కెర్నెల్ పడిపోతుంది. ఇప్పుడు డ్రైవర్‌లో ‘బిజీ బిట్ తగ్గేదాకా తిరుగు’ అనే లూప్ ఉందనుకోండి. అన్నీ ఒకట్లే కాబట్టి బిజీ ఎప్పటికీ తగ్గదు, ఆ సీపీయూ అక్కడే ఇరుక్కుపోతుంది. ‘రెడీ బిట్ వచ్చేదాకా తిరుగు’ అని రాసి ఉంటే ఇంకా ప్రమాదం: మొదటి చదువులోనే రెడీ కనిపిస్తుంది, లేని కార్డుతో డ్రైవర్ పని మొదలుపెడుతుంది. రింగ్‌లో (డ్రైవర్, కార్డు పనులు ఇచ్చిపుచ్చుకునే వలయాకార పట్టికలో) ఎక్కడిదాకా వచ్చామో కార్డు నుంచి చదివి ఆ అంకెను హద్దు చూడకుండా అర్రేకు ఇండెక్స్‌గా వాడితే, 16 బిట్ల అంకెకు చదివింది 65535 అవుతుంది, రింగ్‌లో ఉన్నవి 256. ఆ తర్వాత పాడయ్యేది ఎవరి మెమరీ అన్నది ఎవరూ చెప్పలేరు.

ఇది ఎక్కడో ఒకటీ అరా జరిగే పొరపాటు కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లైనక్స్ డ్రైవర్ల కోడ్‌ను సాధనంతో జల్లెడ పట్టి, హార్డ్‌వేర్ ఇచ్చిన విలువను గుడ్డిగా నమ్మే చోట్లు దాదాపు 1000 ఉన్నాయని 2009లో చూపించారు. ఒకట్ల జవాబుకు కెర్నెల్‌లో అందరికీ పనికొచ్చే ఒక పేరు, దాన్ని పోల్చి చూసే మాక్రో రావడానికి ఇంకో డజను ఏళ్లు పట్టింది. అప్పటిదాకా ఎవరి డ్రైవర్‌లో వాళ్లు తోచినట్టు రాసుకున్నారు, రాయనివాళ్లు రాయలేదు. ఆ పోలికలోనూ ఒక మెలిక ఉంది. అన్నీ ఒకట్లు కావడం కొన్ని రిజిస్టర్లకు సరైన విలువే కావచ్చు. అందుకే అనుమానం రాగానే వెండర్ ఐడీ (తయారీదారు సంఖ్య) చదవాలి. అది అన్నీ ఒకట్లుగా ఏ నిజమైన కార్డులోనూ ఉండదు.

కాల్‌బ్యాక్‌లు రాసినంత మాత్రాన పని అయిపోదు. ‘ఎర్రర్ డిటెక్టెడ్’ వచ్చి ఛానెల్ స్తంభించిందని చెబితే కార్డు రిజిస్టర్లను ముట్టుకోకూడదు. క్యూలు ఆపాలి, ఇంటరప్ట్ విడిచిపెట్టాలి, టైమర్లూ వాయిదా పనులూ రద్దు చేయాలి, రీసెట్ కావాలని చెప్పి బయటికి రావాలి. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. మామూలు షట్‌డౌన్ ఫంక్షన్‌నే పిలిచేస్తారు. అది కార్డు ఫర్మ్‌వేర్‌కు ‘ఆపు’ అని ఆదేశం పంపి జవాబు కోసం కూర్చుంటుంది. పలకని కార్డు నుంచి జవాబు రాదు, ఒక్కో ఆదేశానికీ పూర్తి టైమ్‌అవుట్ గడుస్తుంది, ఆలోగా పోర్ట్ కింద మిగతా డ్రైవర్లన్నీ ఎదురుచూస్తుంటాయి.

తర్వాత బ్రిడ్జ్ రీసెట్ బిట్‌ను కనీసం 1 మిల్లీసెకను పట్టి ఉంచాలి. లైనక్స్ 2 పట్టి ఉంచుతుంది. వదిలాక మొదటి కాన్ఫిగరేషన్ చదువుకు ముందు 100 మిల్లీసెకన్లు ఆగాలి. ‘స్లాట్ రీసెట్’లో డివైస్‌ను ఎనేబుల్ చేసి, దాచిన కాన్ఫిగరేషన్‌ను తిరిగి రాసి, బస్ మాస్టర్ బిట్ పెట్టాలి. ఈ చివరిది మరిచిపోతే లక్షణం వింతగా ఉంటుంది: రిజిస్టర్లు చక్కగా చదవగలం, రాయగలం, కానీ డీఎంఏ (కార్డు నేరుగా మెమరీని చదవడం, రాయడం) జరగదు, ఇంటరప్ట్ ఒక్కటీ రాదు. ఎంఎస్ఐ ఇంటరప్ట్ కూడా కార్డు మెమరీకి చేసే రాతే కాబట్టి రెండూ ఒకే బిట్ మీద ఆధారపడతాయి. రింగ్ చిరునామాలు, కార్డు లోపలి ఫర్మ్‌వేర్ రీసెట్‌తో పోయాయనే అనుకుని మళ్లీ నింపాలి. రీసెట్‌కు ముందు సగంలో ఉన్న బఫర్లను పూర్తయినట్టు పైకి పంపకూడదు.

ఇంకో చిక్కు టైమ్‌అవుట్‌లతో. లైనక్స్‌లో ఎన్‌వీఎంఈ ఆదేశానికి మామూలు గడువు 30 సెకన్లు. బస్ స్థాయిలో కోలుకునే పని సాగుతుండగానే ఆ గడువు తీరితే, డ్రైవర్ తన వైపు నుంచి ఇంకో రీసెట్ మొదలుపెడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండూ ఒకదాన్నొకటి చెడగొడతాయి. అందుకే ఎన్‌వీఎంఈ డ్రైవర్ టైమ్‌అవుట్ రాగానే ఛానెల్ స్తంభించి ఉందేమో చూసి, ఉంటే గడువు మళ్లీ మొదలుపెట్టి పక్కకు తప్పుకుంటుంది. సొంతంగా రీసెట్ చేసుకునే ప్రతి డ్రైవర్‌కూ ఈ తనిఖీ ఉండాల్సిందే.

ఆ డ్రైవర్ లాగ్ చదవడం కూడా నేర్చుకోదగింది. కంట్రోలర్ పడిపోయింది, రీసెట్ చేస్తున్నాం అనే వరుసలో సీఎస్‌టీఎస్ (కంట్రోలర్ స్థితి చెప్పే రిజిస్టర్) విలువ 3 అని ఉంటే లింక్ బాగుంది, కంట్రోలరే తనకు ప్రాణాంతక లోపం వచ్చిందని చెబుతోంది. సీఎస్‌టీఎస్ అన్నీ ఒకట్లై, పక్కనే పీసీఐ స్టేటస్ హెక్స్‌లో 10 అని మామూలుగా ఉంటే కాన్ఫిగరేషన్ అందుతోంది, మెమరీ రిజిస్టర్లు అందడం లేదు. రెండూ ఒకట్లే అయితే డిస్క్ బస్ మీదే లేదు. విద్యుత్ పొదుపు స్థితి నుంచి లేవలేకపోవడం దీనికి తరచూ కనిపించే కారణం. కొత్త కెర్నెళ్లు ఏఎస్‌పీఎం (లింక్ విద్యుత్ పొదుపు) ఆపి చూడమని ఆ సందర్భంలో తామే సూచిస్తాయి.

ఇలాంటి తప్పులు మామూలేనన్న బోర్డు తయారీదారుల మాటకూ కొంత బలం ఉంది. 32 గిగాట్రాన్స్‌ఫర్ల వేగంతో 16 లేన్ల (పక్కపక్కన నడిచే 16 దారుల) లింక్ ఒక దిశలో సెకనుకు 51,200 కోట్ల బిట్లు పంపుతుంది. స్పెసిఫికేషన్ ఒప్పుకునే తప్పు లక్ష కోట్ల బిట్లకు ఒకటి. అంటే 2 సెకన్లకో తప్పు వచ్చినా లింక్ నిబంధనల్లోనే ఉన్నట్టు లెక్క. మొదటి తరంలో ఒక్క లేన్ లింక్‌కు అదే లెక్క 400 సెకన్లు. 2022లో వచ్చిన 6.0 స్పెసిఫికేషన్ తప్పులు పది లక్షల బిట్లకు ఒకటి వస్తాయని ముందే ఒప్పుకుని, వాటిని సరిదిద్దే కోడ్‌ను లింక్‌లోనే పెట్టింది. కాబట్టి కరెక్టెడ్ వరుస ఒకటి కనిపించగానే బోర్డు వాపసు ఇవ్వాల్సిన పని లేదు. వేగం పెరిగే కొద్దీ తప్పులు పెరుగుతాయని తెలిసినప్పుడు, వాటిని తట్టుకునే డ్రైవర్ లేకుండా వేగం అమ్మడం మాత్రం సమర్థించుకోలేనిది.

2016లో లైనక్స్‌కు డీపీసీ మద్దతు వచ్చింది. తీవ్రమైన లోపం కనిపించగానే పోర్టే లింక్ తెంచేస్తుంది. పవర్ సర్వర్లు ఏనాడో చేసిన పని మామూలు సర్వర్లకు అందిందన్నమాట. డేటా పాడవకుండా ఆగుతుంది, కానీ డ్రైవర్ల మీద బరువు పెరుగుతుంది. ఒకట్లు చదివే సందర్భాలు ఇప్పుడు అరుదు కావు, కోలుకోవడానికి పిలిచేది మళ్లీ ఆ 2006 నాటి కాల్‌బ్యాక్‌లనే.

లాగ్ నోరు నొక్కే ముందు లెక్క చూడటం మంచిది. 2018 నుంచి సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన సమాచారం చూపే ఫైళ్లలో) ప్రతి డివైస్ కింద కరెక్టెడ్ లోపాలు రకాలవారీగా లెక్కకు వస్తున్నాయి. రిసీవర్ లోపాలు మాత్రమే, అదీ మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు పెరుగుతుంటే మొదట ఏఎస్‌పీఎంను అనుమానించాలి. పని భారంతో పాటు బ్యాడ్ టీఎల్‌పీ (చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల) లెక్క పెరుగుతుంటే కార్డు తీసి బిగించాలి, రైజర్ కేబుల్ తీసేసి చూడాలి, లింక్ వేగం ఒక తరం తగ్గించి పోల్చాలి. రోల్‌ఓవర్ కనిపిస్తే పరిస్థితి ముదిరింది: ఒకే ప్యాకెట్‌ను పదేపదే పంపినా అందక లింక్‌ను మళ్లీ శిక్షణకు పంపాల్సి వచ్చింది.

డ్రైవర్ సంగతి తేల్చుకోవడానికి పరీక్షా మార్గం కూడా ఉంది. కెర్నెల్‌లో ఏఈఆర్ ఇంజెక్ట్ ఎంపిక పెట్టి బిల్డ్ చేస్తే, పరీక్షల మెషీన్‌లో కావాల్సిన కార్డు పేరిట ప్రాణాంతక లోపాన్ని కృత్రిమంగా పుట్టించవచ్చు. కోలుకుంటే రెజ్యూమ్ దాకా నడిచి ట్రాఫిక్ తిరిగి మొదలవుతుంది. కోలుకోకపోతే ‘ఎర్రర్ డిటెక్టెడ్’ కాల్‌బ్యాక్ లేదన్న వరుసతో పాటు, ఏ ఫంక్షన్ దగ్గర ఆగిపోయిందో దాని బస్ చిరునామా కూడా లాగ్‌లో ఉంటుంది. బగ్ రిపోర్ట్ వెళ్లాల్సింది ఆ చిరునామాలో ఉన్న డ్రైవర్‌కే.