"సగటు ఎంతొచ్చింది?" అని అడిగే ముందు: సిటీ బస్సు డేటాపై అపోహలు, వాస్తవాలు

ఏ మీటింగులోనైనా హైదరాబాద్ సిటీ బస్సుల జీపీఎస్ డేటా తెరవగానే పడే మొదటి ప్రశ్న ఇదే: "సగటు ఎంతొచ్చింది?" నంబరు చెప్పడం ఆలస్యం, దాన్ని టైమ్‌టేబుల్లో రన్నింగ్ టైమ్ (బస్సు ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికి ఇచ్చే నిమిషాలు) గడిలో వేసేసి పని అయిపోయిందనుకుంటారు. నెల తిరక్కముందే మళ్లీ ఫోన్. "డేటా చూసే కదా పెట్టాం, ఇంకా ట్రిప్పులు కట్ అవుతున్నాయేంటి, రద్దు చేయాల్సి వస్తోందేంటి?" ఆ ఫోన్లకు విడివిడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నా. మిగతా అపోహలూ ఉన్నాయి గానీ వాటికి రెండు ముక్కలు చాలు.

అపోహ: నెల రోజుల డేటాకు సగటు తీసి టైమ్‌టేబుల్లో పెడితే సరిపోతుంది

పొద్దున 6 గంటలకు కోఠిలో కదిలే 218, సాయంత్రం 6 గంటలకు కదిలే 218... నంబరొకటే, ప్రయాణం ఒకటి కాదు. పొద్దున నాంపల్లి, లక్డీకాపూల్ ఎప్పుడు దాటాయో కూడా తెలియదు. సాయంత్రమైతే పంజాగుట్ట, అమీర్‌పేట, మూసాపేట, కూకట్‌పల్లి, ప్రతిచోటా కాసేపు నిలబడాల్సిందే. ఈ రెండు ట్రిప్పుల్నీ కలిపి సగటు తీయడమంటే ఇంటిల్లిపాది కాళ్లూ కొలిచి, సగటు సైజులో అందరికీ ఒకే చెప్పులు కొనడం. పొద్దున టైమ్ మిగిలిపోయి డ్రైవర్ బండిని ఈడ్చుకుంటూ పోతాడు. సాయంత్రం ఎంత తొక్కినా చాలదు.

"సరే, గంటగంటకూ విడిగా సగటు తీస్తాం" అంటారు తర్వాత. కొంత నయం, కానీ అదీ చాలదు. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు నేనే వేస్తున్నా, చూడండి. సాయంత్రం ఒకే గంటలో బయల్దేరిన పది ట్రిప్పులు గమ్యం చేరడానికి పట్టిన నిమిషాలు: 78, 80, 81, 83, 84, 86, 88, 95, 104, 121. సగటు 90. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఏడు ట్రిప్పులు 90 లోపే చేరాయి, అంటే దారిలో స్టాపుల్ని రాసిన టైముకన్నా ముందే దాటేశాయి. చివరి మూడూ 5, 14, 31 నిమిషాలు లేటు. సగటును అంత పైకి లాగింది ఆ మూడే. ట్రాఫిక్ తెచ్చే తేడా ఎప్పుడూ లేటు వైపే సాగుతుంది. జామ్ అయితే అరగంట పోతుంది, రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా అరగంట మిగలదు.

ముందే దాటితే నష్టమేంటి అని అడక్కండి. టైముకు స్టాపుకొచ్చిన మనిషి కళ్ల ముందే బస్సు ఒక్క నిమిషం తేడాతో పోతే, అతనికి అది నిమిషం తేడా కాదు. తర్వాతి బస్సు వచ్చేదాకా పడిగాపులు. అరగంటకో బస్సు ఉండే శివారు రూట్లలో అయిదు నిమిషాలు లేటైన బస్సుకన్నా ఒక నిమిషం ముందెళ్లిన బస్సే ఎక్కువ మందిని ఏడిపిస్తుంది.

మరి ఏం పెట్టాలి? రన్నింగ్ టైముకు నట్టనడుమ విలువ తీసుకోండి. సగం ట్రిప్పులు దానికి లోపల, సగం బయట ఉండేది. పై అంకెల్లో అది 85. తిరుగు ట్రిప్పు బయల్దేరే టైమును మాత్రం పదిలో తొమ్మిది ట్రిప్పులు అందుకునేలా పెట్టండి. అది 105. అంటే 85 నిమిషాల పరుగు, టెర్మినల్లో 20 నిమిషాల విరామం. సగటు పద్ధతిలో 90 పరుగు, 10 విరామం, మొత్తం 100 పెట్టేవారు. కొసరు అయిదు నిమిషాలే. కానీ 104 నిమిషాలు పట్టిన బస్సు అప్పుడు నాలుగు నిమిషాలు లేటుగా తిరిగి బయల్దేరేది, ఇప్పుడు టైముకే బయల్దేరుతుంది. 95 పట్టిన రోజు డ్రైవర్‌కు అయిదు నిమిషాలకు బదులు పది దొరుకుతాయి. సాయంత్రం పూట మంచినీళ్లు తాగి, బాత్రూమ్‌కు వెళ్లి రావడానికి అయిదు నిమిషాలు ఏ మూలకు?

"అన్ని బస్సులు ఎక్కడినుంచి తెస్తాం?" అన్నది న్యాయమైన ప్రశ్నే. రానూ పోనూ 200 నిమిషాలైతే పది నిమిషాల ఫ్రీక్వెన్సీకి 20 బస్సులు కావాలి, 210 అయితే 21. ఆ ఒక్క బస్సు లేకపోతే ఫ్రీక్వెన్సీని పదిన్నర నిమిషాలు చేయండి. పదికొకటి అని రాసి తప్పడం కన్నా పదిన్నరకొకటి రాసి పంపడం ఎంతో నయం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాలుగింటి ట్రిప్పులో పోయిన పద్నాలుగు నిమిషాలు అక్కడితో ఆగవు. ఆరింటి ట్రిప్పు లేటు, ఆపై ట్రిప్పు ఇంకా లేటు, చివరికి డ్యూటీ టైమ్ ముగిసిపోయి ఆఖరి ట్రిప్పు కట్. దాని బిల్లు కట్టేది రాత్రి బస్సు కోసం చూసే మనిషి. మా చిన్నమ్మ అబిడ్స్‌లో చీరల కొట్లో పనిచేసేది. ఆఖరి బస్సు కాదు, దానికి ముందుది పట్టుకోవాలని రోజూ ఓనర్‌తో మాటలు పడి మరీ ముందే బయటపడేది. ఆఖరిది ఉంది కదా అంటే, "ఎప్పుడొస్తదని కాదు బిడ్డా, అసలు వస్తదో రాదో అదే నాకు రంది" అనేది. ఆమె ముందే బయటపడిన ఆ టైమ్ ఏ జీపీఎస్ ఫైల్లోనూ కనపడదు. స్టాపులో నిలబడ్డ సేపు కాదు గదా అది, నమ్మకం లేక ఇంటి దగ్గరో పని దగ్గరో వదులుకున్న సేపు.

అపోహ: "పది నిమిషాలకో బస్సు ఉంది, జనం ఊరికే గోల చేస్తారు"

జనం గోల చేయట్లేదు. రెండు బస్సులు తోకలు పట్టుకుని 2 నిమిషాల తేడాతో వచ్చి, తర్వాత 18 నిమిషాలు ఏమీ రాకపోతే ఫ్రీక్వెన్సీ సగటు పదే. కానీ స్టాపుకొచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆ 18 నిమిషాల ఖాళీలోనే వస్తారు. బస్సులు సమంగా వస్తే సగటున 5 నిమిషాలు ఎదురుచూడాల్సినవాళ్లు 8 నిమిషాల పైన ఎదురుచూస్తారు. పైగా ముందు వచ్చిన బస్సు కిటకిట, వెనకది ఖాళీ. కాబట్టి రిపోర్టులో బస్సుకూ బస్సుకూ మధ్య ఎడం విడివిడిగా చూపించండి. సగటు ఎడం చూపించి ప్రయాణికుడి మీద ఎదురు వాదించకండి.

అపోహ: బస్సులో ఆ జీపీఎస్ డబ్బా పెట్టింది డ్రైవర్లను పట్టుకోవడానికి

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఒక టెర్మినల్లో టీ తాగుతుంటే ఓ సీనియర్ డ్రైవర్ పక్కకు పిలిచి అడిగాడు: "సార్, గీ డబ్బా మా మీద చాడీలు చెప్పనీకె పెట్టిన్రా?" "అన్నా, ఒక్కసారి ఇది చూడు" అని లాప్‌టాప్ తెరిచి ఆయన రూటే చూపించా. ఒకే గంటలో, ఒకే రెండు స్టేజీల మధ్య వేర్వేరు డ్రైవర్లు నడిపిన ట్రిప్పులన్నీ దాదాపు ఒకే సేపు పట్టాయి. అందరూ అక్కడే ఆగిపోతుంటే తప్పు స్టీరింగ్ పట్టుకున్నోడిది ఎలా అవుతుంది? టైమ్‌టేబుల్‌ది. ఆయన చాలాసేపు స్క్రీన్ చూసి, "గిదే మాట నేను పదేండ్ల సంది చెప్తున్న, కాయితం లేదని ఎవ్వలు ఇనలే" అన్నాడు.

పై అధికారులకు మనవి ఒకటే. ఈ డేటాతో మెమోలు ఇవ్వడం మొదలుపెట్టారా, ఇక మీకు నిజమైన డేటా రాదు. రాసిన టైముకు సరిపోయేలా నడిపిన డేటా వస్తుంది. ఇప్పటికే అది కొంత ఉంది. టైమ్ ఎక్కువ ఇచ్చిన రూట్లో బండి నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని చూసి "అంత టైమ్ కావాలి కాబోలు" అని మళ్లీ అంతే పెడతారు.

అపోహ: జీపీఎస్ ఉంటే నిజం చేతికొచ్చినట్టే

అన్నిటికన్నా చెడ్డ రోజు డేటాలో ఉండదు. సగంలో కట్ అయిన ట్రిప్పుకు చేరిన టైమ్ ఉండదు కదా, "అసంపూర్ణం" అని సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కన పడేస్తుంది. మిగిలినవి చూసి రూటు బాగుందనుకుంటాం. ఏ గంటలో ఎన్ని ట్రిప్పులు పడిపోయాయో ముందు లెక్కపెట్టండి, తర్వాతే రన్నింగ్ టైమ్ జోలికి వెళ్లండి. మెట్రో పట్టాల వంతెన కింద లొకేషన్ గెంతులేస్తుంది, అది వేరే తలనొప్పి, శుభ్రం చేయొచ్చు.

పాత డేటా ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నదీ తప్పే. షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచింది 2022 జనవరిలో. అంతకుముందు మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలి వైపు తీసిన టైములు ఇప్పుడెందుకు? మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. ఎక్కేవాళ్లు పెరిగితే స్టాపులో ఆగే సేపూ పెరుగుతుంది. ఒక మేలు మాత్రం జరిగింది. డబ్బుల్లేని జీరో టికెట్ కొడుతున్నారు కాబట్టి వాళ్లు ఏ స్టేజిలో ఎక్కారో టికెట్లు కొట్టే టిమ్స్ మెషిన్ చెబుతుంది. బస్ పాస్ వాళ్ల లెక్క ఆ మెషిన్‌కు తెలియదు.

ఇక మిగిలినవి. "డేటా అడుగుతున్నారంటే రూటు ఎత్తేస్తారు" అన్నది పుకారు. రూటు ఎత్తేయాలనుకునేవాళ్లకు కలెక్షన్ కాగితం చాలు, జీపీఎస్ అక్కర్లేదు. "యాప్‌లో బస్సు కనిపిస్తోంది, ఇంకా టైమ్‌టేబుల్ ఎందుకు?" కట్ అయిన ట్రిప్పు యాప్‌లో కనిపించదు కాబట్టి.

చివరగా, నెలకోసారి నన్నడిగే ప్రశ్న: వానపడ్డ రోజుల్ని డేటాలోంచి తీసేయాలా? వద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అవి మామూలు రోజులే, ఉంచండి. వీలైతే ఆ నెలలకు వేరే రన్నింగ్ టైమ్ పెట్టండి. గణేశ్ నిమజ్జనం రోజు మాత్రం తీసేయండి. ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల బస్సులన్నీ దారి మళ్లుతాయి, ఆ రోజుకు టైమ్‌టేబుల్ ఎలాగూ విడిగానే వేసుకోవాలి.