బోటు అక్కడ, తాళం చెవి ఇక్కడ: ఫ్రీజ్ గురించి మనోళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

నేను బోట్ ఇంజిన్ల మెకానిక్‌ని. టెక్సాస్‌ల ఒక మెరీనాలో చాన ఏండ్లు పని చేసి వచ్చి ఇప్పుడు హైదరాబాద్‌ల ఉంటున్న, హుస్సేన్ సాగర్ మీద తిరిగే బోట్ల అవుట్‌బోర్డ్‌లు (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్లు) చూస్తుంట. డిసెంబర్ పడిందంటే వాట్సాప్‌ల ఒకటే ప్రశ్న. డాలస్ నుంచో హ్యూస్టన్ నుంచో అట్లాంటా నుంచో పెండ్లికి, సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లలు "అన్నా, బోటు డ్రైవ్‌వేల పెట్టి వచ్చిన, అక్కడ ఫ్రీజ్ వార్నింగ్ ఇచ్చిన్రంట, ఏమైతది?" అని. ఫ్రీజ్ అంటే నీళ్ళు గడ్డ కట్టే చలి, ఇంజిన్‌ల ఉన్న నీళ్ళు గడ్డ కడితే ఇంజిన్ పగులుతది, అదీ వాళ్ళ భయం. ఒక్కొక్కళ్ళకు విడివిడిగ వాయిస్ మెసేజ్ పెట్టుడు నా వల్ల కాదు, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్న.

అపోహ: మాది వేడి ఊరు, వింటరైజ్ (చలికాలం ముందు బోటును సిద్ధం చేసుడు) అంతా పైన మిన్నెసోటా వాళ్ళకే.

మిన్నెసోటా వాడు చలికాలం రాకముందే బోటు నీళ్ళల్లకెళ్ళి తీసి, ఇంజిన్ ఖాళీ చేసి, కవర్ కప్పి మరిచిపోతడు, వాడికి అది అలవాటు. టెక్సాస్‌ల మనోడు క్రిస్మస్ సెలవుల్ల కూడా లేక్ మీదికి పోతడు, తిరిగొచ్చి ట్రైలర్ మీద పెడతడు, ఇంజిన్ నిండ లేక్ నీళ్ళు అట్లనే ఉంటయ్. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్ట్‌ల మైనస్ 2 ఫారెన్‌హీట్ పడ్డది, అంటే మన లెక్కల దగ్గర దగ్గర మైనస్ 19 డిగ్రీలు, 1949 తర్వాత అక్కడ అంత చలి లేదు. ఆ తర్వాత మార్చిల మా దగ్గరికి వచ్చిన పగిలిన బ్లాకులన్నీ (బ్లాక్ అంటే ఇంజిన్ మెయిన్ పోత ఇనుము దిమ్మె) ఇట్లాంటివే, అంతకుముందు వారమో రెండు వారాల కిందనో మంచిగ తిరిగిన బోట్లు. పాత బోటు, వదిలేసిన బోటు కాదు, రోజూ వాడే బోటే ఎక్కువ దెబ్బ తింటది.

మన సాగర్ బోట్లకు ఈ బాధ లేదు, హైదరాబాద్‌ల రికార్డైన అతి తక్కువ 6.1 డిగ్రీలు, అది కూడా 1946 జనవరిల. కాబట్టి లుంబినీ పార్క్ కాడ బోటుకు ఫ్రీజ్ కోసం ఏదన్న పొయ్యాల్నా అని అడిగేటోళ్ళు పైసలు జేబుల పెట్టుకోండ్రి.

అపోహ: కారు బయటనే ఉంది, దానికి ఏం కాలే, బోటుకేమైతది?

కారుల నీళ్ళు కాదు, కూలెంట్ ఉంటది, అది లోపల్నే తిరుగుతది. చాన స్టెర్న్ డ్రైవ్ బోట్లల్ల (ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ వెనక బయట ఉండేవి) కూలింగ్‌కు లేక్ నీళ్ళే గుంజుకుంటది, దీన్ని రా వాటర్ కూలింగ్ అంటం. ఇంజిన్ ఆపినంక బ్లాక్‌ల, మ్యానిఫోల్డ్‌ల (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాలల్ల) ఆ నీళ్ళు అట్లనే నిలబడతయ్. నీళ్ళు గడ్డ కడితే 9 శాతం దాకా పెరుగుతయ్, పోత ఇనుము సాగదు. ఫ్రీజర్‌ల మరిచిపోయిన బీర్ సీసా ఏమైతదో మీకు తెల్సు. ఇంక "నాది క్లోజ్డ్ కూలింగ్ అన్నా" అనేటోళ్ళు (అంటే కారు లెక్క బ్లాక్‌ల కూలెంటే తిరిగే ఇంజిన్ ఉన్నోళ్ళు), మీ బ్లాక్‌ల కూలెంట్ సరైన పాళ్ళల్ల ఉంటే బ్లాక్ సేఫే, కానీ హీట్ ఎక్స్‌చేంజర్‌ల (లేక్ నీళ్ళతోని కూలెంట్‌ని చల్లబరిచేది) ఒక పక్క, రా వాటర్ పంపుల, ఎగ్జాస్ట్ పక్కన లేక్ నీళ్ళే ఉంటయ్, అవి తియ్యాల్సిందే.

అపోహ: బ్లాకుకు ఫ్రీజ్ ప్లగ్గులు ఉంటయ్ కదా, అవి ఊడిపోయి బ్లాక్‌ని కాపాడతయ్.

పేరు చూసి మోసపోకుండ్రి. బ్లాక్ పోత పోసేటప్పుడు లోపలి ఇసుక బయటికి తియ్యడానికి రంధ్రాలు పెడతరు, వాటి మూతలు అవి. ఒక్కోసారి అవి బయటికి వచ్చి బ్లాక్ బతికిన మాట నిజమే, కానీ ప్లగ్గులన్నీ కూసున్న చోటనే ఉండి పక్కకు బ్లాక్ నిలువునా చీలిన ఇంజిన్లు నేను చాన చూసిన.

అపోహ: మఫ్స్ (ఇంజిన్ నీళ్ళు గుంజుకునే రంధ్రాలకు పైపుతోని తగిలించే రబ్బరు కప్పులు) పెట్టి యాంటీఫ్రీజ్ (గడ్డ కట్టకుండ పోసే పింక్ ద్రవం) గుంజిస్తే అయిపాయె.

దీనికే ఎక్కువ ఇంజిన్లు పోతయ్, అందుకే కొంచెం పొడుగ్గా చెప్త. ఇంజిన్ చల్లగ ఉన్నప్పుడు థర్మోస్టాట్ (వేడెక్కితే తెరుచుకునే వాల్వ్) మూసుకొని ఉంటది, మీరు కింద గుంజించిన పింక్ నీళ్ళు బ్లాక్‌లకు పోకుండ పక్క దారి నుంచి ఎగ్జాస్ట్‌లకు వచ్చేస్తయ్, వెనక నుంచి పింక్‌గ కారుతుంటే మీరు "నిండింది" అనుకుంటరు, బ్లాక్‌ల మాత్రం లేక్ నీళ్ళు అట్లనే. వేడెక్కినంక గుంజించినా ఉన్న నీళ్ళతోని కలిసి పలచగ అయితది. డబ్బా మీద రాసిన మైనస్ 50 ఫారెన్‌హీట్ కూడా పైపు పగలకుండ ఆగే లెక్క, అంతకంటే చాన ముందే అది గుజ్జు లెక్క అయితది, అందుల నీళ్ళు కలిస్తే ఆ లెక్క కూడా మిగలదు.

కాబట్టి ముందు ఖాళీ, తర్వాత కావాలంటే యాంటీఫ్రీజ్. బ్లాకుకు రెండు దిక్కుల డ్రెయిన్ ప్లగ్గులు ఉంటయ్, మ్యానిఫోల్డ్‌లకు వేరే, రా వాటర్ పంపు హోస్, పవర్ స్టీరింగ్ కూలర్ దగ్గర ఒకటి, కొన్ని మెర్‌క్రూజర్ ఇంజిన్లకు చేతితో తిప్పే నీలం ప్లాస్టిక్ ప్లగ్గులు ఇస్తరు. ప్లగ్గు తీస్తే చుక్క రాలేదా, ఖాళీ ఉందని సంబరపడకుండ్రి, తుప్పు, ఇసుక అడ్డం పడి ఉంటది, సన్న తీగ పెట్టి పొడవాలె, బుడబుడ కారుతయ్. ట్రైలర్ మీద ఉంటే ముక్కు కొంచెం పైకి లేపి పెట్టాలె. బోటు నీళ్ళల్లనే ఉంటే మాత్రం జాగ్రత్త, హోస్ ఊడదీసే ముందు సీకాక్ (బయటి నీళ్ళు లోపలికి రాకుండ ఆపే వాల్వ్) మూయాలె, చాన స్టెర్న్ డ్రైవ్‌లకు సీకాక్ ఉండదు కాబట్టి విప్పిన హోస్ నుంచి లేక్ లోపలికి వస్తది, ఫ్రీజ్ నుంచి కాపాడబోయి ముంచుకుంటరు, అది మెకానిక్‌కే వదిలేయండ్రి.

ఇంకోటి, కొనేది ప్రొపిలీన్ గ్లైకాల్‌ది కొనండ్రి. కార్ల వాడే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగ ఉంటది, కుక్కలు నాకుతయ్, చస్తయ్. స్టార్ట్ చెయ్యంగనే అదంతా లేక్‌లకు పోతది కూడా.

అపోహ: ఇంజిన్ కాడ ఒక బల్బు వేస్తే చాలు.

ఒకటి, అది ఇంట్ల బల్బు, ఇంజిన్ అడుగున పెట్రోల్ ఆవిరి ఉంటే నిప్పు అంటుకుంటది, ఇంజిన్ రూమ్‌లకు పనికొచ్చే హీటర్లు వేరే ఉంటయ్. రెండోది, బాగ చలి పడ్డ రాత్రే కరెంట్ పోతది. ఆ 2021 తుఫానుల టెక్సాస్‌ల 45 లక్షలకు పైగా ఇండ్లకు, షాపులకు కరెంట్ పోయింది, కొందరికి రోజుల తరబడి. మనుషులే దుప్పట్లు కప్పుకొని కార్ల కూసున్నరు, బల్బుకు కరెంట్ ఏడికెళ్ళి వస్తది? నా మాట ఏందంటే వేడి పెట్టుడు మీద ఆధారపడొద్దు, నీళ్ళు తీసేయండ్రి, లేని నీళ్ళు గడ్డ కట్టవు.

రోజూ రాత్రి పది నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలు అనేటోళ్ళు కూడ ఉన్నరు. ఆపినంక మళ్ళ అవే నీళ్ళు లోపల, అంతే.

అపోహ: అవుట్‌బోర్డ్ పైకి ఎత్తి పెట్టాలె.

ఉల్టా. నిలువుగ దించి పెడితే అందులకెళ్ళి నీళ్ళు వాటంతట అవే కారిపోతయ్, అందుకే అవుట్‌బోర్డ్ ఉన్నోడికి ఈ బాధ చాన తక్కువ. ఎత్తి పెడితే ప్రొపెల్లర్ మధ్యల వాన నీళ్ళు నిలబడి గడ్డ కట్టి కింది భాగం పగులుతది. గేర్ ఆయిల్ మాత్రం ఒకసారి చూడండ్రి, పాల లెక్క తెల్లగ ఉంటే లోపలికి నీళ్ళు పోయినయ్ అని, అది కూడ గడ్డ కట్టి గేర్ కేస్‌ని చీలుస్తది.

నీళ్ళల్ల ఉన్న బోటే ముందు పోతది అనుకుంటరు, నిజానికి లేక్ నీళ్ళు గాలి అంత తొందరగ చల్లబడవు, ట్రైలర్ మీద, లిఫ్ట్ మీద ఉన్నదానికి అన్ని దిక్కుల చల్ల గాలే, అదే ముందు పోతది. టెక్సాస్ సముద్రం ఒడ్డున గాల్వెస్టన్‌ల ఉప్పు నీళ్ళు గడ్డ కట్టవు అంటరు, కడతయ్, మైనస్ 2 సెల్సియస్ దగ్గర, కాబట్టి ఆ తేడా మీద ధైర్యం చేయకుండ్రి. విండ్ చిల్ (గాలి వల్ల మన ఒంటికి తెలిసే చలి) మైనస్ 15 అన్నంత మాత్రాన ఇంజిన్ గాలి కంటే చల్లగ కాదు, గాలి వీస్తే తొందరగ చల్లబడతది అంతే. ఒక గంట సున్నా తాకితే బ్లాక్ పగలదు, పగిలేది సున్నాకు బాగ కిందికి పోయి రాత్రంతా అక్కడే ఉన్నప్పుడు. సన్న పైపులు, నీళ్ళు వడగట్టే స్ట్రెయినర్ గిన్నె, టాయిలెట్ పంపు, లైవ్‌వెల్ (పట్టిన చేపలు బతికి ఉండే తొట్టి) పంపు మాత్రం చాన ముందు పోతయ్, వాటిని ఎవ్వరూ గుర్తు పెట్టుకోరు. బ్యాటరీ ఫుల్ చార్జ్‌ల ఉంటే ఏం కాదు, ఖాళీ అయిన బ్యాటరీ మైనస్ 7 సెల్సియస్ దగ్గరనే గడ్డ కట్టొచ్చు.

అపోహ: మంచు కరిగినంక స్టార్ట్ అయింది, కాబట్టి ఏం కాలే.

చీలిక ఉన్నా ఐదు నిమిషాలు మంచిగనే నడుస్తది. స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ తీసి చూడాలె, ఆయిల్ తెల్లగనో, పాల కాఫీ రంగులనో కనిపిస్తే తాళం తిప్పకుండ్రి, నీళ్ళు కలిసిన ఆయిల్‌తోని నడిపితే చీలిన బ్లాక్‌తోపాటు బేరింగులు, క్రాంక్ అన్నీ పోతయ్. ఇన్సూరెన్స్ గురించి కూడ అడుగుతరు. చాన పాలసీలల్ల ఫ్రీజ్ డ్యామేజ్ వేరేగ యాడ్ చేసుకుంటేనే వస్తది, పాలసీ పేపర్ తీసి చదవండ్రి, ఏజెంట్ నోటి మాట కాదు.

ఇప్పుడు మీరు హైదరాబాద్‌ల ఉన్నరు, బోటు ట్రైలర్ మీద డాలస్‌ల ఉంది, రేపు రాత్రి ఫ్రీజ్. పక్కింటాయనకు వీడియో కాల్ చేయండ్రి, ప్లగ్గుల ఫొటోలు ముందే మీ ఫోన్‌ల ఉంటే సగం పని అయినట్టే. డ్రైవ్ కిందికి దించమనండ్రి, బోటు అడుగు ప్లగ్గు తీయమనండ్రి, బ్లాక్, మ్యానిఫోల్డ్ ప్లగ్గులు తీసి తీగ పొడవమనండ్రి. తీసినవన్నీ ఒక కవర్‌ల వేసి స్టీరింగ్‌కు కట్టమనండ్రి, లేకుంటే మార్చిల మీరు పోయి నేరుగ ర్యాంప్ మీద నీళ్ళల్లకు దించుతరు, అడుగు ప్లగ్గు గ్యారేజ్‌ల ఉంటది.