రైలు ఆటలో డబ్బు బగ్: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో నాది కంప్యూటర్ సర్వీసింగ్ షాపు. చుట్టుపక్కల ఓపెన్‌టీటీడీ (రైళ్లు, బస్సులు నడిపి డబ్బు సంపాదించే కంప్యూటర్ ఆట) ఆడే కుర్రాళ్లలో చాలామందికి ఏదో ఒక రోజు నాతో పని పడుతుంది. గునుపూర్ నుంచి, రాయగడ నుంచి కూడా ఫోన్లు చేస్తారు. సిగ్నల్స్ గురించో స్టేషన్ల గురించో అడిగితే సంతోషంగా చెబుతాను. కానీ ఎక్కువమంది అడిగేది ఇదీ: "అన్నయ్యా, పొడుగ్గా సొరంగం తవ్వితే కోట్లు వస్తాయట కదా, నాకు రావట్లేదేంటి?"

అపోహ: పొడవైన సొరంగం తవ్వితే ఆటే మనకు ఎదురు డబ్బిస్తుంది.

ఒకప్పుడు ఇచ్చేది, నిజమే. క్రిస్ సాయర్ రాసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ 1995లో వచ్చింది. అందులో సొరంగం పొడవు పెరిగేకొద్దీ ఖర్చు చక్రవడ్డీలా పెరుగుతుంది. ఆ లెక్కను ఆట 32 బిట్లలో దాచుకునేది. అంటే హద్దు 2,14,74,83,647. ఖర్చు ఆ అంకె దాటితే సంఖ్య తిరగబడి మైనస్‌లోకి పోయేది. మైనస్ ఖర్చంటే మన ఖాతాలో జమ. "ఇంత ఖర్చు పెట్టడానికి ఇతని దగ్గర డబ్బుందా?" అని ఆట చూసుకున్నా, మైనస్ అంకె మన దగ్గరున్న దానికన్నా తక్కువే కాబట్టి అడ్డు చెప్పేది కాదు.

ఇప్పుడు మీరు ఆడుతున్నది ఆ పాత ఆటను అనుసరించి 2004లో మొదలైన ఓపెన్‌టీటీడీ. ఇందులో డబ్బు లెక్క 64 బిట్లలో ఉంటుంది. హద్దు దాకా వెళ్లినా అక్కడే ఆగుతుంది తప్ప తిరగబడదు. పైగా సెట్టింగ్ మార్చకపోతే సొరంగం 64 గళ్లు దాటనివ్వదు. నమ్మకం కుదరకపోతే షిఫ్ట్ నొక్కిపట్టి సొరంగం పెట్టండి, తవ్వకుండానే ఖర్చెంతో చూపిస్తుంది. ఆ బగ్ చచ్చిపోయి ఏళ్లయింది, అయినా దాని పేరు మీద వీడియోలు చేసేవాళ్లకు మాత్రం వ్యూస్ వస్తూనే ఉన్నాయి.

ఇంతవరకే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. అసలు నష్టం దీని తరవాత మొదలవుతుంది. సొరంగం పనిచేయకపోయేసరికి కుర్రాడు "మనీ హ్యాక్" అని వెతుకుతాడు. ఏదో ఈఎక్స్‌ఈ ఫైల్ (నొక్కగానే నడిచే ప్రోగ్రామ్) దొరుకుతుంది. దాని కింద ఒక మాట రాసి ఉంటుంది: యాంటీవైరస్ ఆపి రన్ చేయండి.

అపోహ: హ్యాక్ ఫైల్ కాబట్టి యాంటీవైరస్ పొరపాటున పట్టుకుంటుంది, ఆపేస్తే ఏం కాదు.

పోయిన ఏడాది ఒక ప్లస్ టూ కుర్రాడు ఈ మాట నమ్మాడు. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. వాళ్ల నాన్నగారి బియ్యం కొట్టు ట్యాలీ లెక్కలు, జీఎస్టీ బిల్లులు, అక్క పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే. తెల్లారేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే తాళం తీస్తామని స్క్రీన్ మీద నోటీసు. ఆయన పెన్‌డ్రైవ్‌లో దసరా వరకు బ్యాకప్ పెట్టుకున్నారు కాబట్టి సగమైనా దక్కింది. మిగతాది కాగితం బిల్లులు ముందేసుకుని మళ్లీ ఎక్కించారు. ఫొటోలు రాలేదు. కుర్రాడు షాపులో స్టూల్ మీద కూర్చుని తల ఎత్తలేదు. వాణ్ణి ఇంకా తిట్టకండి బాబూ అని నేనే వాళ్ల నాన్నగారికి చెప్పాల్సి వచ్చింది. వాడికి అబద్ధం చెప్పినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు.

ఒళ్లు మండేదేంటంటే, ఆ డబ్బు ఆటలోనే ఉచితంగా ఉంది. ఒక్కరే ఆడుతున్నప్పుడు కంట్రోల్, ఆల్ట్, సి కలిపి నొక్కండి. చీట్ కిటికీ తెరుచుకుంటుంది, ఒక్క నొక్కుకు కోటి పౌండ్లు. కొత్త వెర్షన్లలో దానికే శాండ్‌బాక్స్ ఆప్షన్స్ అని పేరు పెట్టి మెనూలో కూడా ఉంచారు. ఆట తయారుచేసినవాళ్లే ఇస్తుంటే దొంగ ఫైల్ దేనికి? ఆట కూడా ఉచితమే, కోడ్ అందరూ చూడొచ్చు. దాని అధికారిక సైటు నుంచే దించుకోండి. పాత ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ సీడీ కాపీ కోసం కూడా వెతకక్కర్లేదు, ఓపెన్‌జీఎఫ్‌ఎక్స్ అనే ఉచిత బొమ్మలతో ఆట నడుస్తుంది.

ఇప్పటికే అలాంటి ఫైల్ రన్ చేసేశారా? కంగారు పడకండి, దాచకండి కూడా. ముందు నెట్ తీసేయండి. ఆ కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టొద్దు. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పండి, తిట్లు పడినా సరే. తల్లిదండ్రులకు ఒక మనవి: "ఆట వల్లే వైరస్ వచ్చింది" అని ఆటను తీసేయించకండి, దాని తప్పేమీ లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పట్టాలు మెలికలు తిప్పి దూరం పెంచితే కిరాయి పెరగదు. స్టేషన్ నుంచి స్టేషన్‌కు మ్యాప్ మీద ఎన్ని గళ్లున్నాయన్నదే లెక్క. మెలికల వల్ల ఆలస్యమై ఉన్న కిరాయి తగ్గుతుంది. రైళ్లు జామ్ అయితే అది బగ్ కాదు. జంక్షన్ ముందు పాత్ సిగ్నల్ (ముందున్న దారి ఖాళీగా ఉంటేనే రైలును వదిలేది) పెట్టి, దాటాక ఒక రైలు నిలిచేంత చోటు వదలండి. "రైలు దారి తప్పింది" అని వస్తే మధ్యలో కరెంటు లేని పట్టా ముక్క ఉందేమో, సిగ్నల్ ఎదురుగా తిరిగి ఉందేమో చూడండి.

ఇక మా ఊరివాళ్ల ప్రత్యేక జబ్బు ఒకటుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన నారోగేజ్ లైను మ్యాప్‌లో కట్టాలని ఇక్కడ ప్రతి కుర్రాడికీ కోరిక. తాతలు ఎక్కిన చిన్నబండి మరి, 2004లో ఆపేశారు. బ్రాడ్‌గేజ్ వచ్చాక పుట్టిన పిల్లలకు కూడా ఆ మోజు పోలేదు. మూల ఆటలో నారోగేజ్ లేదు, ఆటకు కొత్త పట్టాలు, ఇంజన్లు కలిపే న్యూజీఆర్‌ఎఫ్ ఫైల్ కావాలి. దాన్ని ఆట మొదలుపెట్టే ముందే కలపండి. సగం ఆట అయ్యాక కలిపినా తీసినా ఇంజన్లు వేరేవిగా మారిపోవచ్చు, సేవ్ పాడవచ్చు. సేవ్ తెరిచినప్పుడు ఫైళ్లు లేవని చెబితే, ఆ జాబితాలోనే వాటిని ఆన్‌లైన్‌లో వెతికే బటన్ ఉంటుంది, నొక్కండి. అది చేయకుండా పాజ్ తీయబోతే ఆట కూలిపోవచ్చనీ, అలా కూలితే బగ్ అని రిపోర్ట్ చేయవద్దనీ ఆటే హెచ్చరిస్తుంది. అది చదవకుండా ఓకే కొట్టేసి నాకు ఫోన్ చేయకండి.