హేడ్రియన్ గోడ దగ్గర కోట: రోజూ వినే అపోహలు, తవ్వితే కనిపించే వాస్తవాలు

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా 117 కిలోమీటర్ల పొడవున ఒక గోడ ఉంది. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో దాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. ఆ గోడకు దక్షిణంగా మైలు దూరంలో విండోలాండా అనే కోట ఉంది. ఇది గోడ కంటే పాతది. క్రీ.శ. 85 ప్రాంతంలోనే ఇక్కడ మొదటి కోటను చెక్కతో కట్టారు. తర్వాత దాన్ని పడగొట్టి, చదును చేసి, ఇంకోటి కట్టారు. అలా ఒకదాని మీద ఒకటి కనీసం తొమ్మిది కోటలు వెలిశాయి. ఈ గోడ వెంబడి తవ్వకాల్లో పనిచేయడం, దొరికిన తోలునీ చెక్కనీ కడిగి నమోదు చేయడం నా వృత్తి. ఊరెళ్ళినప్పుడు, ఫోన్లలో, పెళ్ళిళ్ళలో నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తవ్వకాలంటే గుప్తనిధుల వేట

మా పెద్దమ్మ ఫోన్ చేస్తే మొదటి మాట, "ఏమ్మా, ఈసారైనా బంగారం తగిలిందా?" అనే.

వాస్తవం: బంగారం కంటే మాకు బురద ముఖ్యం. విండోలాండాలో పాత కోటను పడగొట్టిన ప్రతిసారీ దాని మీద బంకమట్టి, పచ్చిక గడ్డలు పరిచి కొత్తది కట్టారు. దాంతో కింది పొరలకు గాలి ఆడలేదు. గాలి లేకపోతే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు బతకలేవు. అందుకే 1,900 ఏళ్ళ నాటి చెక్క, తోలు, బట్ట, చివరికి నేలమీద పరిచిన గడ్డీ ఆకులూ కూడా అలాగే ఉండిపోయాయి.

ఆ పొర తెరుచుకునే క్షణం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. తాపీతో మెల్లగా ఒక పెచ్చు లేపితే లోపల గడ్డి నిన్ననే పరిచినట్టు పసుపు రంగులో కనిపిస్తుంది. చూస్తుండగానే, కొద్ది నిమిషాల్లో, గాలి తగిలి నల్లబడిపోతుంది. తోలు మీద, చెక్క మీద అక్కడక్కడా నీలం పొడి తేలుతుంది. అది వివియనైట్ అనే ఖనిజం. మట్టిలో ఉన్నంతసేపు తెల్లగా ఉండి, గాలి సోకితే నీలంగా మారుతుంది. ఆ నీలం కనబడిందంటే చుట్టూ చాలా జాగ్రత్తగా ఉండాలని మాకు అర్థం.

1973లో ఇక్కడ తవ్విన పురావస్తు శాస్త్రవేత్త రాబిన్ బర్లీకి ఇలాంటి పొరలోనే చెక్క పేళ్ళ లాంటివి దొరికాయి. అంటుకుపోయిన రెండు పేళ్ళను విడదీస్తే లోపల సిరాతో రాసిన గీతలు కనిపించాయి. గాలి తగిలాక ఆ రాత మాయమైంది. ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు తీస్తే మళ్ళీ బయటపడింది. అవి ఉత్తరాలు, జాబితాలు, లెక్కలు. రెండు మూడు మిల్లీమీటర్ల మందం కూడా దాటని చెక్క రేకుల మీద రాసుకున్న మామూలు మనుషుల మాటలు.

ఇంకో మాట. తవ్వడమంటే ఒక రకంగా చెరపడమే. తీసేసిన పొరను మళ్ళీ పెట్టలేం. అందుకే చాలా భాగాన్ని ముట్టుకోకుండా వదిలేస్తాం. ఇప్పుడు వచ్చిన టెన్షన్ ఏమిటంటే, అలా వదిలినవి కూడా క్షేమంగా లేవు. పక్కనే ఉన్న మాగ్నా అనే కోట దగ్గరి చిత్తడి నేల వాతావరణ మార్పుల వల్ల ఎండిపోతోంది. నేల ఎండితే గాలి దూరుతుంది, గాలి దూరితే తోలూ చెక్కా పోతాయి. అందుకే అక్కడ 2023 నుంచి తవ్వుతున్నారు.

అపోహ: కోటలో ఉన్నది ఇటలీ నుంచి వచ్చిన రోమన్లు

వాస్తవం: చాలామంది ఇటలీ మొహం చూసి కూడా ఉండరు. విండోలాండాలో తుంగ్రియన్లు, బటావియన్లు ఉండేవాళ్ళు, అంటే నేటి బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల వాళ్ళు. తర్వాత గాల్, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతపు దళం వచ్చింది. మాగ్నాలో సిరియా విలుకాళ్ళు ఉన్నారు. గోడ తూర్పు కొస దాటాక, సౌత్ షీల్డ్స్‌లో, ఒక సమాధి రాయి ఉంది. సిరియాలోని పాల్మైరా ఊరి బరాటెస్ తన భార్య రెజీనా కోసం నిలబెట్టాడు. ఆమె దక్షిణ బ్రిటన్‌కు చెందిన కటువెల్లౌని తెగ మనిషి, ఒకప్పుడు అతని బానిస. రాయి మీద లాటిన్ కిందనే తన సొంత లిపిలో ఒక వరుస చెక్కించాడు: బరాటెస్ విడుదల చేసిన రెజీనా, అయ్యో! అని.

మనకూ ఈ కోటతో చిన్న సంబంధం ఉంది. ఒక చెక్క రేకు మీది పద్దులో గాంబాక్స్ అనే సైనికుడి పేరు పక్కన మిరియాలు, రెండు దీనారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) అని ఉంది. ఆ మిరియాలు మన దక్షిణ భారతం పడమటి తీరంలో పండి, ఓడలెక్కి వెళ్ళినవి. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో బయటపడిన రోమన్ నాణేలు మన దేశంతో జరిగిన ఆ వ్యాపారానికే ఇటువైపు గుర్తులు.

అపోహ: కోటంటే మగవాళ్ళ లోకం

వాస్తవం: చెప్పులు వేరే సంగతి చెబుతున్నాయి. ఒక్క విండోలాండాలోనే 5,000 పైగా తోలు చెప్పులు, బూట్లు దొరికాయి. ఒక్కోదాన్నీ నీళ్ళలో మెత్తటి బ్రష్‌తో కడుగుతాం. మట్టి పోయేకొద్దీ అట్టకు కొట్టిన ఇనుప మేకుల వరుస తేలుతుంది, ఆ తర్వాత బొటనవేలు ఒత్తుకుని గుంట పడిన చోటు. అవి ఆడవాళ్ళవీ, పిల్లలవీ కూడా. కోట బయటి ఊళ్ళోనే కాదు, లోపల బ్యారక్‌ల దగ్గర, అధికారి ఇంట్లో కూడా దొరికాయి. మామూలు సైనికుడికి పెళ్ళి చేసుకునే హక్కు చట్టం ఇవ్వని రోజులవి. చట్టంలో ఏమున్నా, పిల్లలు కోటలో పరుగులు తీశారు. అరచేతిలో ఇమిడిపోయే బూటు కడుగుతున్నప్పుడు మా గదిలో మాటలు ఆగిపోతాయి.

క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆమె, విండోలాండా అధికారి సెరియాలిస్ భార్య లెపిడినాకు రాసిన ఉత్తరం కూడా ఉంది. సెప్టెంబరు 11న నా పుట్టినరోజు, నువ్వొస్తే ఆ రోజుకు అందం అని పిలుపు. ఉత్తరమంతా లేఖకుడు రాశాడు. కింద చివరి వరుసలు మాత్రం ఆమె చేతిరాత, కొంచెం వంకరటింకరగా. స్త్రీ చేత్తో లాటిన్‌లో రాసి మనదాకా వచ్చిన అతి పాత రాతల్లో అదొకటి.

అపోహ: సైన్యమంతా కత్తులు దూసి ఎప్పుడూ కాపలా కాస్తుండేది

వాస్తవం: గోడ కట్టకముందు తుంగ్రియన్ దళం ఇచ్చిన ఒక హాజరు పట్టీ ఉంది, మే 18 నాటిది. మొత్తం 752 మంది. అందులో 456 మంది కోటలోనే లేరు. 337 మంది కోరియాకు, అంటే నేటి కార్‌బ్రిడ్జ్‌కు వెళ్ళారు. 46 మంది గవర్నర్ అంగరక్షకులుగా ఉన్నారు. కోటలో మిగిలిన 296 మందిలో 15 మందికి జబ్బు, ఆరుగురికి గాయాలు, పదిమందికి కళ్ళకలక. పనికి పనికొచ్చేవాళ్ళు 265 మంది. మిగతా రేకుల్లో సాక్సులు పంపామని, బీరు అయిపోయింది పంపమని రాతలున్నాయి.

అపోహ: 410లో రోమ్ పాలన పోగానే కోట పాడుబడింది

వాస్తవం: జనం అక్కడే ఉన్నారు. బ్రిగొమాగ్లోస్ అనే స్థానిక పేరున్న క్రైస్తవ స్మారక శిల విండోలాండాలోనే దొరికింది. అది రోమ్ పాలన పోయాక చెక్కినది.

అపోహ: గోడకు ఇటు నాగరికత, అటు ఏమీ లేని అడవి

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. చదువుకున్నవాళ్ళూ అంటుంటారు.

వాస్తవం: ఒక రేకు మీద ఎవరో అధికారి ఇక్కడివాళ్ళను "బ్రిట్టుంకులీ" అని రాశాడు, అంటే చిల్లర బ్రిటన్లు అని చులకనగా. చదవడం రాయడం వచ్చినవాడి మాట మిగిలింది, పొలం దున్నినవాడి మాట మిగల్లేదు. అందుకని వాళ్ళు లేనట్టు కాదు. గోడకు ఉత్తరాన తీర మైదానంలో బొగ్గు గనులు తవ్వబోయే ముందు పురావస్తు తవ్వకాలు జరిగాయి. కందకాలు తవ్వుకుని, గుండ్రటి ఇళ్ళు వేసుకుని, తరాల పాటు సాగు చేసుకున్న పెద్ద పెద్ద కమతాలు బయటపడ్డాయి. గోడ వచ్చాక అవి ఎక్కువ కాలం నిలవలేదని తవ్వినవాళ్ళు తేల్చారు. గోడలో మైలుకొక గేటు ఉన్నా, ఎవరు ఎప్పుడు దాటాలో సైన్యం చేతిలో ఉండేది. పశువులు మేపుకునే దారికి అడ్డంగా అంత గోడ లేస్తే సంసారం ఏమవుతుందో పల్లెలో పెరిగిన ఎవరికైనా తెలుసు.

గోడకు తూర్పు చివర వాల్స్‌ఎండ్‌లో, ఇంకా రెండు మూడు కోటల కింద, రాతి పునాదులు దాటి తవ్వితే లేత రంగు నేల మీద సన్నటి నల్లటి గీతలు కనిపిస్తాయి. అడ్డంగా, నిలువుగా, వేళ్ళతో గీసినట్టు. అవి నాగలి చాళ్ళు. మన నాటు నాగలి లాగే, మట్టిని తిరగేయకుండా కోసుకుంటూ పోయే నాగలి అది. ఒకసారి పొడవునా దున్ని, మళ్ళీ అడ్డంగా ఇరువాలు దున్నారు. ఎవరిదో పొలం. దాని మీద కోట వేశారు.

అలాంటి నేల మీద పడితే మోకాళ్ళ మీద కూర్చుని, ముందు స్పాంజితో తడిపి, రంగు తేలాక ఒక్కో చాలునీ కాగితం మీద గీస్తాం. కోట గోడలకూ, కందకాలకూ ఇచ్చినట్టే వాటికీ నంబర్లు వేస్తాం.