కాసేపు నడిచి ఆగిపోయే ట్రాక్టర్

పాత పెట్రోలు ట్రాక్టర్లకు ఒక జబ్బు ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. అరగంట చక్కగా దున్నుతుంది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజన్ తిరుగుతుందే గాని అందుకోదు. కాసేపు వదిలేసి మళ్లీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. అమెరికాలో 1947 నుంచి 1952 దాకా 5 లక్షలకు పైగా తయారైన ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్లను ఇంకా వాడుకుంటున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఈ జబ్బుకు ముఖ్యంగా రెండు మూలాలు. ఒకటి పెట్రోలు అందకపోవడం, రెండోది ప్లగ్గులో స్పార్క్ రాకపోవడం. చిక్కేమిటంటే, కాసేపు ఆగితే రెండూ వాటంతటవే సర్దుకుంటాయి. మెకానిక్ వచ్చేసరికి బండిలో ఏ లోపమూ కనిపించదు. అందుకే బండి ఆగిన ఆ నాలుగైదు నిమిషాల్లోనే పరీక్ష జరగాలి. టూల్ బాక్స్ ట్రాక్టర్ మీదే ఉండాలి.

ముందు పెట్రోలు సంగతి. 8ఎన్‌లో ఫ్యూయల్ పంపు లేదు. ట్యాంకు ఇంజన్ పైన ఉంటుంది, పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది. దిగిన మేరకు ట్యాంకులోకి గాలి రావాలి. అందుకు మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడిపోతే, ఒక్క కన్నమే పెట్టిన నూనె డబ్బా పరిస్థితే దీనిదీ: లోపల పీడనం తగ్గుతూ పోయి ధార ఆగిపోతుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ గిన్నెలో మిగిలింది కాలిపోయాక ఇంజన్ ఆగుతుంది. ఈలోగా ఏ సందులోంచో గాలి మెల్లగా ట్యాంకులోకి చేరుతుంది, బండి మళ్లీ స్టార్టవుతుంది. ఆగిన వెంటనే మూత వదులు చేసినప్పుడు గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తే దొంగ దొరికినట్టే. చప్పుడు లేకపోతే కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పి డబ్బా పట్టాలి. ధార మొదట జోరుగా వచ్చి చుక్కలుగా మారితే దారిలో ఎక్కడో అడ్డు ఉంది. జల్లెడలు మూడు చోట్ల ఉంటాయి: ట్యాంకు లోపల, సెడిమెంట్ గిన్నె (పెట్రోలులోని మడ్డి దిగే పాత్ర) మీద, కార్బొరేటర్‌కు పైపు కలిసే మూలమలుపులో. మూడోది చాలామందికి గుర్తుకే రాదు. ఇంజన్ వేడి పూర్తిగా చల్లారకముందే ఈ పని చేస్తాం కాబట్టి పెట్రోలు దానిమీద ఒలకకూడదు.

ఇక స్పార్క్. నాకు అసలు ఆసక్తి ఇక్కడే. ఈ బండి బ్యాటరీ 6 వోల్టులే. ప్లగ్గు సందు దాటడానికి మాత్రం వేల వోల్టులు కావాలి. వోల్టేజీని అలా పెంచేది కాయిల్, అంటే రెండు వరసల రాగి తీగ చుట్ట. ఇంజన్ తిరిగేకొద్దీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్‌ను పాయింట్లు అంటారు. అవి మూసి ఉన్నంతసేపు కాయిల్‌లోని ప్రైమరీ (మొదటి వరస) చుట్లలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పాయింట్లు తెరుచుకోగానే ఆ క్షేత్రం కూలిపోయి, వేల చుట్లున్న సెకండరీలో (రెండో వరసలో) పెద్ద వోల్టేజీ పుడుతుంది. ఇంజన్ 1500 ఆర్‌పీఎం మీద ఉంటే నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు 50 సార్లు ఇదే జరగాలి. పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు ఎగిరి కరెంటు తెగకుండా సాగకూడదు కాబట్టి పక్కన కండెన్సర్ (కరెంటును క్షణం పాటు తనలో నిలుపుకునే భాగం) కాపలా ఉంటుంది.

కాయిల్ వేడెక్కితే రాగి తీగ వ్యాకోచిస్తుంది. పాత ఇన్సులేషన్ ఎక్కడో బీటలిచ్చి ఉంటే అక్కడ షార్ట్ అవుతుంది, లేదా విరిగిన తీగ కొసలు విడిపోతాయి. చల్లారితే మళ్లీ కలుస్తాయి. చాలామంది 6 వోల్టుల బ్యాటరీ తీసేసి 12 వోల్టులది బిగిస్తారు. అదనంగా రెసిస్టర్ పెట్టకుండా పాత కాయిల్‌నే ఉంచితే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది, వేడి నాలుగు రెట్లవుతుంది. 'కొత్త కాయిల్ కూడా కాలిపోయింది' అని విసుక్కునేవాళ్లు ముందు చూసుకోవలసింది ఇదే.

స్పార్క్‌ను పరీక్షించేటప్పుడు ప్లగ్గు విప్పి బాడీకి ఆనించి చూస్తే చాలదు. సిలిండర్‌లో గాలి ఒత్తుకుని ఉంటుంది, అక్కడ సందు దాటడం కష్టం. బయట 6 మి.మీ. సందును నీలి రంగు స్పార్క్ దాటితేనే నమ్మాలి.

ఆగిపోయే తీరు కూడా ఆచూకీ ఇస్తుంది. స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగితే స్పార్క్ మీద అనుమానం. దగ్గుతూ, తడబడుతూ, చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) లాగితే క్షణం కోలుకుని ఆగితే పెట్రోలు మీద.

రెండూ సక్రమంగానే ఉండి వేడిలో మాత్రం బలం తగ్గుతుంటే వాల్వుల (సిలిండర్‌కు తలుపుల్లాంటివి) వైపు చూడాలి. వాల్వుకూ దాన్ని తెరిచే భాగానికీ మధ్య వదిలే సందు (క్లియరెన్స్) మరీ తక్కువైతే వేడికి వాల్వు పొడవు పెరిగి పూర్తిగా మూసుకోదు. ఇంజన్ వేడిగా ఉండగానే గేజితో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తుకుంటోందో) కొలిచి, తక్కువ చూపిన సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు సరిగా కూర్చోవడం లేదు.