మోడల్ విమానానికి లోహపు మెరుపు: అపోహలు - వాస్తవాలు

స్కేల్ మోడల్ విమానాలు కట్టేవాళ్లు మా పాలమూరు వైపు తక్కువే. అయినా జడ్చర్ల, వనపర్తి నుంచి, అటు నల్లగొండ నుంచి కూడా కుర్రవాళ్లు ఫొటోలు పంపి అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "అన్నా, సిల్వర్ కొట్టిన గానీ ప్లాస్టిక్ లెక్కనే కనిపిస్తుంది. ఏ పెయింట్ కొనాలె?" పెయింట్ పేరు చెప్తే తీరిపోయే ప్రశ్న కాదిది. రంగు వేయని అల్యూమినియం విమానాన్ని 1/72లోనో (అసలు సైజులో 72వ వంతు) 1/48లోనో చూసినవాళ్లు నమ్మేలా చేయడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టం. అందుకే దీని గురించి ప్రచారంలో ఉన్న కొన్ని నమ్మకాలను వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన మెటల్ పెయింట్ కొంటే మెరుపు దానంతట అదే వస్తుంది

మెరుపు పెయింట్‌లో కంటే దాని కిందున్న ప్లాస్టిక్ నునుపులోనే ఎక్కువ ఉంటుంది. ఆల్‌క్లాడ్ లాంటి లాకర్లలో (ఘాటైన థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే పెయింట్లలో) లోహపు రేణువులు చాలా సన్నవి, పొర కూడా పలచనే. మామూలు రంగు చిన్న గీతను కప్పేస్తుంది, ఇది మాత్రం దాన్ని ఎత్తి చూపిస్తుంది. 400 నంబర్ వాటర్ పేపర్ పెట్టిన గీత మ్యాట్ గ్రే కింద పెద్దగా కనపడదు. అదే గీత పాలిష్డ్ అల్యూమినియం కింద ఉంటే, మోడల్‌ను ట్యూబ్‌లైట్ దగ్గర కాస్త తిప్పగానే తళుక్కుమంటుంది.

ఇళ్లలో గ్రానైట్ పాలిష్ పట్టేవాళ్లను చూడండి. గరుకు రాయితో మొదలుపెట్టి నంబర్ పెంచుకుంటూ పోతారు, మధ్యలో ఒకటి ఎగ్గొడితే బండ చివరిదాకా మసకగానే ఉంటుంది. ఇక్కడా అంతే. 400 తర్వాత 800, 1000, 1500, 2000. నంబర్ మారినప్పుడల్లా రుద్దే దిశ కూడా మార్చాలి. 800తో నిలువుగా రుద్దితే 1000తో అడ్డంగా రుద్దండి. నిలువు గీత ఒక్కటి కనిపించినా పని మిగిలి ఉందని అర్థం. వాటర్ పేపర్ కార్లకు పెయింట్ సామాను అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి తడి మీదే రుద్దాలి. పొడిగా రుద్దితే ప్లాస్టిక్ పొడి పేపర్‌లో ఇరుక్కుని కొత్త గీతలు పెడుతుంది.

అతుకుల దగ్గర పుట్టీకి తొందర పనికిరాదు. అందులోని ద్రావకం ఆవిరయ్యేకొద్దీ పుట్టీ కుంచించుకుపోతుంది. ఇవాళ పెట్టి ఇవాళే రుద్దితే, మెటల్ కోటింగ్ అంతా అయ్యాక అతుకు మళ్లీ లోపలికి దిగి గీతలా బయటపడుతుంది. పొడవైన అతుకులకు నేను ఫెవిక్విక్ లాంటి జిగురే వాడతాను, అది కుంచించుకుపోదు. కాకపోతే ఒక రాత్రి వదిలేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది కాబట్టి ఆ పూటే రుద్దేయాలి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. వేలి జిడ్డు మెటల్ పెయింట్ కింద వేలిముద్రగానే మిగిలిపోతుంది.

అపోహ: ఏ మెటల్ షేడ్‌కైనా అడుగున నల్ల రంగు ఉండాల్సిందే

ఇది సగమే నిజం. క్రోమ్, పాలిష్డ్ అల్యూమినియం లాంటి బాగా మెరిసే షేడ్లకు గ్లాసీ బ్లాక్ కావాలి. ఆ పొర ఎంత పలచన అంటే కొంత వెలుతురు దాన్ని దాటి కిందికి పోతుంది. నలుపు దాన్ని మింగేస్తే, మన కంటికి చేరేది లోహం మీద నుంచి తిరిగొచ్చిన వెలుతురు మాత్రమే. అద్దంలాంటి లోతు అలా వస్తుంది. కాస్త మసక అల్యూమినియం కావాలంటే మాత్రం నున్నటి గ్రే ప్రైమర్ చాలు.

నలుపు సరిగ్గా వచ్చిందా లేదా అన్నదానికి పరీక్ష తేలిక. అందులో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం అంచులు గీత గీసినట్టు కనపడాలి. నలుపులో కనపడని అంచు మెటల్ వేశాక కూడా కనపడదు. ఆ నలుపు లోపలిదాకా ఆరాలి. చేతికి అంటకపోతే ఆరినట్టు కాదు, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. థిన్నర్ వాసన కొద్దిగా వచ్చినా ఇంకో రోజు ఆగాల్సిందే. పచ్చి పొర మీద లాకర్ పడితే సన్నని పగుళ్లు వస్తాయి, లేదా మెరుపు చచ్చిపోతుంది.

ఆపైన మెటల్ కోటింగ్ ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే, పెన్నులాంటి చిన్న సాధనంతో) 12 నుంచి 15 పీఎస్ఐ ప్రెషర్‌లో, దగ్గర నుంచి, పొర మీద పొరగా పలచగా వేయాలి. నలుపు కనుమరుగై లోహం తేలిన క్షణంలో ఆపేయాలి. ఇంకొంచెం మెరిపిద్దామని కొడుతూ పోతే నలుపు ప్రభావం పోయి మామూలు సిల్వర్‌గా తేలుతుంది.

అపోహ: మన ఎండకు పెయింట్ బాగా ఆరుతుంది, వేసవే మంచి కాలం

వేసవి మధ్యాహ్నం ఈ పనికి అసలు పనికిరాదు. 40 డిగ్రీలు దాటిన వేడిలో లాకర్ ఎయిర్‌బ్రష్ నుంచి మోడల్‌ను చేరేలోపే గాలిలో ఆరిపోయి పొడిలా పడుతుంది. వేలితో తాకితే గరుకుగా తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే స్ప్రే చేయండి, పెయింట్ నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ కొద్దిగా కలపండి. డాబా మీద ఆరబెట్టడం, కారులో వదిలేయడం వద్దు. పలచటి రెక్కలు, సన్నని భాగాలు వంగిపోతాయి. వానాకాలంలో సమస్య వేరు. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిస్తే, గాలిలోని తేమ అక్కడ చేరి నల్ల పొర మీద తెల్లటి మసక కమ్ముతుంది. ముసురు పట్టిన రోజు ఎయిర్‌బ్రష్ తీయకపోవడమే మేలు.

అపోహ: అసలు విమానం ముక్కు నుంచి తోక దాకా ఒకేలా మెరుస్తుంది

నిజంగా లోహంలా కనిపించే మోడల్‌కీ, సిల్వర్ డబ్బాలో ముంచి తీసినట్టుండే మోడల్‌కీ తేడా వచ్చేది ఇక్కడే. విమానం చర్మం ఒకే రేకు కాదు. బలమైన అల్యూమినియం మిశ్రమం మీద తుప్పు పట్టకుండా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికించిన రేకులు అవి. రేకును మిల్లులో ఏ దిశలో సాగదీశారో ఆ దిశలో సన్నని జాడలుంటాయి. పక్కపక్క ప్యానెళ్లలో ఆ దిశ మారితే, ఒకే లోహమైనా ఒకటి వెలుగ్గా, ఇంకొకటి కాస్త నల్లగా కనిపిస్తుంది. ఇంజిన్ వేడి తగిలే చోట ఉక్కో టైటానియమో ఉంటుంది, అది గోధుమ, నీలం రంగులకు తిరుగుతుంది.

కొన్నిచోట్ల అసలు లోహమే బయటికి కనపడదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి పి-51డి మస్టాంగ్ రెక్కల్లో గాలి సాఫీగా జారాలని ఫ్యాక్టరీలోనే అతుకులకు పుట్టీ పెట్టి, నునుపు చేసి, అల్యూమినియం రంగు వేసేవారు. ఫ్యూజలేజ్ (విమానం మొండెం) మాత్రం ఉత్త లోహం. గుడ్డ తొడిగిన రడ్డర్ (తోకలోని చుక్కాని) మీదా వెండి రంగే. అంటే మస్టాంగ్ రెక్క అంతటా రివెట్లు చెక్కి అద్దంలా మెరిపిస్తే ఎంత కష్టపడ్డా అది తప్పే. 1963లో మన వాయుసేనలో చేరి 2025 సెప్టెంబర్‌లో వీడ్కోలు తీసుకున్న మిగ్-21 తీసుకోండి. ముక్కు కోన్ లోంచి రాడార్ తరంగాలు పోవాలి కాబట్టి అది లోహం కాదు, దానిది సాధారణంగా ఆకుపచ్చ రంగు.

దీన్ని కళ్లారా చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. శంషాబాద్‌లో విమానం ఎక్కినప్పుడు కిటికీలోంచి రెక్క ముందు అంచునూ, ఇంజిన్ మూతి చుట్టూ ఉన్న రింగునూ గమనించండి. చాలా విమానాల్లో అక్కడ రంగు ఉండదు, ఉత్త లోహమే. దూరం నుంచి అద్దం, దగ్గర నుంచి మాత్రం సన్నని గీతలు, పురుగుల మరకలు, రివెట్ల చుట్టూ నీడ కనపడతాయి. నేను ఒక మోడల్‌కు మూడు నాలుగు అల్యూమినియం షేడ్లు వాడతాను. ముందు విమానమంతా ఒక షేడ్, తర్వాత ఫొటో చూసి ఎంచుకున్న ప్యానెళ్లు మాత్రమే మాస్క్ చేసి ఇంకో షేడ్. తేడా ఉందా లేదా అని అనుమానం వచ్చేంత తక్కువగా ఉండాలి. గళ్ల దుప్పటిలా కనిపిస్తే ఎక్కువైనట్టే.

అపోహ: వంటింటి ఫాయిల్ అతికించడం పిల్లల పని

నన్నడిగితే అన్నిటికంటే నిజమైన లోహపు ఫినిష్ అదే, ఎందుకంటే అది నిజంగా లోహం. సుమారు 11 మైక్రాన్ల ఫాయిల్‌ను 1/72 స్కేల్ లెక్కన 72తో గుణిస్తే 0.8 మిల్లీమీటర్ దగ్గర వస్తుంది. అసలు విమానాల రేకు కూడా చాలాచోట్ల ఆ మందమే! ఫాయిల్‌కు ఒకవైపు మెరుపు, రెండోవైపు మసక ఎందుకంటే, ఆఖరిసారి రోలర్లలో రెండు రేకులు కలిపి నడుపుతారు, లోపలి ముఖాలు మసకగా మిగులుతాయి. మనకు రెండూ పనికొస్తాయి. ఫాయిల్ అతికించే జిగురు పలచగా రాసి, అది పారదర్శకంగా మారాక ముక్కను పరిచి, ఇయర్ బడ్‌తో మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ పోవాలి. కొత్త బ్లేడుతో ప్యానెల్ గీత వెంబడి కోయండి. తర్వాత బ్రాసో (లోహానికి వాడే పాలిష్) కొద్దిగా గుడ్డకు అద్ది ఒకే దిశలో రుద్దితే, పైన చెప్పిన మిల్లు జాడలు వచ్చేస్తాయి. గుండ్రటి ముక్కు భాగాల్లో ముడతలు పడతాయి కాబట్టి అక్కడ చిన్న చిన్న ముక్కలే వాడాలి.

అపోహ: చివర్లో మొత్తం మీద క్లియర్ కోట్ కొడితే మెరుపు రెట్టింపవుతుంది

తగ్గుతుంది. లోహం మీద క్లియర్ పడగానే చాలా షేడ్లు బూడిద రంగుకు తిరుగుతాయి. డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తుల స్టిక్కర్) వేసే చోట మాత్రం పలచగా కొట్టుకోండి, చాలు. మాస్కింగ్ టేప్‌ను ముందు అరచేతికి రెండుసార్లు అంటించి తీసి జిగురు తగ్గించాకే మోడల్ మీద వేయాలి. క్రోమ్ షేడ్ల మీద టేప్ అసలు వేయకపోవడమే నయం.

అపోహ: ఎన్-95 మాస్క్ ఉంది, తలుపు మూసి స్ప్రే చేసినా ఫర్వాలేదు

ఎన్-95 రేణువులను ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. లాకర్‌కు ఆ ఆవిరిని పట్టి ఉంచే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాన్ కావాలి. పిల్లలున్న ఇంట్లో అయితే నీళ్లతో కలిపే వయెహో మెటల్ కలర్ లాంటి అక్రిలిక్‌తో మొదలుపెట్టండి. దానికీ మాస్క్ తప్పదు కానీ ఇల్లంతా వాసన రాదు, మెరుపు కూడా బాగానే ఉంటుంది.