ఫీల్డ్ మార్షల్ మాన్‌స్టైన్: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఐరోపా చరిత్ర చెబుతాను. రెండో ప్రపంచయుద్ధం మొదలుపెట్టగానే యూట్యూబ్ చూసొచ్చిన కుర్రాళ్లు ఎత్తే పేరు హిట్లర్ సేనాని ఎరిక్ ఫాన్ మాన్‌స్టైన్. 1940లో ఫ్రాన్స్‌ను పడగొట్టిన ప్లాన్‌కు మూలం ఆయన ఆలోచనే. 1942లో క్రిమియాలోని సోవియట్ రేవు సెవస్తపోల్ పట్టుకుని ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఇంతవరకు పేచీ లేదు.

అపోహ: యుద్ధం తర్వాత నాజీ నేతల విచారణ జరిగిన న్యూరెంబర్గ్‌లోనే ఆయన్నీ విచారించారు.

వాస్తవం: 1946లో అక్కడికి సాక్షిగా వెళ్లాడు. ముద్దాయిగా నిలబడింది 1949లో, హాంబర్గ్‌లో, బ్రిటిష్ సైనిక కోర్టు ముందు.

అపోహ: ఆయన ఉత్త సైనికుడు, హత్యలన్నీ ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) వాళ్లవే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. యూదు-బోల్షివిక్ వ్యవస్థను శాశ్వతంగా నిర్మూలించాలని, యూదులను కఠినంగా శిక్షించాల్సిన అవసరాన్ని సైనికులు గ్రహించాలని 1941 నవంబర్ 20న ఆయన పేరుతో ఉత్తర్వు వెళ్లింది. న్యూరెంబర్గ్‌లో ఆ కాగితం ముందు పెడితే, అసలు గుర్తే లేదన్నాడు. సంతకాన్ని బట్టి తనదే అయి ఉండాలని మాత్రం ఒప్పుకున్నాడు. అప్పుడు క్రిమియాలో ఆయన 11వ సైన్యం వెంటే ఎస్‌ఎస్ అధికారి ఒహ్లెన్‌డార్ఫ్ నడిపే హంతక దళం తిరుగుతోంది. ఆ డిసెంబర్‌లోనే క్రిమియా నగరం సింఫెరోపోల్‌లో వేలమంది యూదులను కాల్చి చంపారు. లారీలు సమకూర్చింది సైన్యం. చచ్చినవాళ్ల చేతి గడియారాలు కూడా సైన్యానికి చేరాయి, దానికీ ఉత్తరం ఉంది.

అపోహ: గెలిచినవాళ్లు కక్ష తీర్చుకున్నారు.

వాస్తవం: ఇదేం కక్షో మరి! ఆయన తరఫున ఫీజు తీసుకోకుండా వాదించింది బ్రిటిష్ లేబర్ ఎంపీ రెజినాల్డ్ పాజెట్. డిఫెన్స్ ఖర్చుకు చర్చిల్ 25 పౌండ్లు చందా ఇచ్చాడు. 17 అభియోగాల్లో 8 కొట్టేశారు. పౌరుల ప్రాణాలు కాపాడకపోవడం, వెనక్కి తగ్గుతూ ఊళ్లు తగలబెట్టడం వంటి 9 నిలిచాయి. 18 ఏళ్ల శిక్ష 12కి తగ్గింది, 1953లోనే బయటికి వచ్చేశాడు.

అపోహ: స్టాలిన్‌గ్రాడ్ ఓటమికి హిట్లర్ ఒక్కడే కారణం.

వాస్తవం: 1955లో వచ్చిన ఆత్మకథలో మాన్‌స్టైన్ వాదన దాదాపు ఇదే. కానీ 1942 నవంబర్ చివర్లో, విమానాల్లో సరుకులు అందితే స్టాలిన్‌గ్రాడ్‌లో సోవియట్ చుట్టుముట్టిన జర్మన్ 6వ సైన్యం అక్కడే నిలబడవచ్చని, వెంటనే చీల్చుకుని రానక్కర్లేదని సలహా ఇచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు.